మెట్లు ఎక్కేదాకా గుర్తుంది: ఏడీహెచ్‌డీ ఉన్న ఇంట్లో మేం చేసుకున్న ఏర్పాట్లు

మేడ మీద ఆరేసిన లైనింగ్ గుడ్డ తెమ్మని మా వాడిని పంపాను. అప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు. "సరే అమ్మా" అని పరుగెత్తాడు. అరగంటైనా రాలేదు. మెషీన్ ఆపి పైకి వెళ్ళి చూస్తే వాటర్ ట్యాంకు పక్కన గొంతుక్కూర్చుని చీమల బారు చూస్తున్నాడు. లైనింగ్ గుడ్డ వాడి తల మీదే తీగకి వేలాడుతోంది. "ఏం తెమ్మన్నానురా?" అంటే తెల్లమొహం వేశాడు. చేతిలో ఉన్న చెక్క స్కేలుతో కొట్టాను. ఏడుస్తూ వాడన్న మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. "మెట్లు ఎక్కేదాకా గుర్తుందమ్మా."

వాడు నిజమే చెప్పాడు. ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం ఉండే ఏడీహెచ్‌డీ గురించి ఆ తర్వాత రెండున్నరేళ్ళలో నేను తెలుసుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. వాడికి చెప్పింది అర్థమవుతుంది, చేయాలనే ఉంటుంది. చేయాల్సిన చోటికి వెళ్ళేసరికి అది తలలోంచి జారిపోతుంది. అందుకే ఎన్నిసార్లు చెప్పినా, ఎంత కొట్టినా ఫలితం ఉండదు. గుర్తుచేసే వస్తువు ఏదో ఒకటి ఆ చోటే, ఆ సమయానికే వాడి కంటికో చేతికో తగిలేలా పెడితే పని జరుగుతుంది. కింద రాసిన ఏర్పాట్లన్నీ ఈ ఒక్క సంగతి మీద కట్టుకున్నవే.

నేను రాజమండ్రిలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. డాక్టర్ని కాను. మా అబ్బాయికి ఏడీహెచ్‌డీ అని తేలిన ఏడాదికి, నా 41వ ఏట, నాకూ అదే ఉందని తేలింది. మా ఇంట్లో పనికొచ్చినవి మీ ఇంట్లోనూ కొన్నైనా పనికొస్తాయని రాస్తున్నాను. మందుల విషయంలో మాత్రం మీ డాక్టర్ మాటే వినండి.

అల్లరికీ దీనికీ తేడా

పిల్లలన్నాక అల్లరి చేస్తారు, వస్తువులు పారేసుకుంటారు. అల్లరి చేసిన ప్రతి పిల్లాడికీ ఇది ఉన్నట్టు కాదు. డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకంలో లక్షణాలు రెండు గుంపులుగా ఉంటాయి, ఒక్కో గుంపులో తొమ్మిది. ఒకటి ధ్యాస నిలవకపోవడం: చిన్న చిన్న తప్పులు, పిలిస్తే వినపడనట్టు ఉండటం, మొదలుపెట్టింది సగంలో వదిలేయడం, వస్తువులు పోగొట్టుకోవడం, రోజూ చేసే పనులే మర్చిపోవడం. రెండోది కుదురు లేకపోవడం, ఆగలేకపోవడం: కూర్చున్న చోట కాళ్ళూ చేతులూ ఆడుతూనే ఉండటం, క్లాసులో లేచి తిరగడం, ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పేయడం, తన వంతు వచ్చేదాకా ఆగలేకపోవడం.

ఏదో ఒక గుంపులో కనీసం ఆరు ఉండాలి. ఆరు నెలలకి పైగా ఉండాలి. కొన్నైనా పన్నెండేళ్ళలోపే మొదలై ఉండాలి. ఇంట్లో ఒక్కచోటే కాకుండా బళ్ళోనో, ట్యూషన్‌లోనో, చుట్టాలింట్లోనో కూడా కనిపించాలి. వాటి వల్ల చదువో స్నేహాలో నిజంగా దెబ్బతింటూ ఉండాలి. పదిహేడేళ్ళు నిండిన వాళ్ళకి ఆరు బదులు ఐదు లక్షణాలున్నా చాలు.

మా వాడికి రెండు గుంపులవీ ఉన్నాయి. లెక్కల నోట్సులో కూడికల పేజీ సగం దాకా సరిగ్గా చేసి, మధ్యలో తీసివేత గుర్తు వచ్చినా కూడుకుంటూ పోయేవాడు. ఒక్క జూన్ నెలలోనే మూడు నీళ్ళ సీసాలు పోయాయి. చెప్పులు ఒకటి ఇంట్లో, ఒకటి వీధిలో ఉండేవి.

కొందరు పిల్లల్లో మొదటి గుంపు ఒక్కటే ఉంటుంది. వాళ్ళు అల్లరి చేయరు, ఎవరికీ అడ్డు రారు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. ఆడపిల్లల్లో ఇది ఎక్కువ, అందుకే వాళ్ళ సంగతి ఏళ్ళ తరబడి బయటపడదు. "మంచి పిల్లే, కాస్త పరధ్యానం" అని ఊరుకుంటారు. నా ప్రోగ్రెస్ కార్డుల్లో ఏటా దాదాపు ఇదే మాట ఉండేది.

మా అత్తయ్యగారు చాలాకాలం నమ్మలేదు. "టీవీ ముందు రెండు గంటలు కదలడు, వీడికి ధ్యాస లేకపోవడమేంటి?" అనేవారు. నాకూ ఆ అనుమానం ఉండేది. వాడిని చూసిన డాక్టరమ్మ చెప్పాక అర్థమైంది. వీళ్ళకి ధ్యాస ఉంటుంది, దాని పగ్గం మాత్రం చేతిలో ఉండదు. క్షణక్షణానికీ కొత్తది చూపించే టీవీ, ఫోను ఆ ధ్యాసని వాటంతట అవే లాక్కుంటాయి. ఎక్కాల పుస్తకం లాక్కోదు, మనమే తీసుకెళ్ళి పెట్టాలి. ఆ తీసుకెళ్ళి పెట్టే పని మెదడు ముందు భాగానిది. అక్కడ డోపమిన్, నోరడ్రినలిన్ అనే రసాయనాల పని ఈ పిల్లల్లో వేరుగా ఉంటుంది. అమెరికాలో 2007లో పిల్లల మెదడు స్కాన్లు పోల్చి చూసిన ఒక అధ్యయనంలో, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళలో మెదడు పైపొర ఎదుగుదల సగటున మూడేళ్ళు ఆలస్యంగా జరుగుతోందని తేలింది. ఇది తెలిశాక నేను ఒక లెక్క పెట్టుకున్నాను. వాడికి పదేళ్ళైనా, ఆగడం, గుర్తుంచుకోవడం, సర్దుకోవడం దగ్గర ఏడేళ్ళవాడనే అనుకుంటాను. అలా అనుకున్న రోజు నాకు కోపం సగం తగ్గుతుంది.

పెంపకం సరిగ్గా లేక వచ్చిందా అని నన్ను చాలామంది అడిగారు, నన్ను నేనే ఎక్కువసార్లు అడుక్కున్నాను. ఇది ఎక్కువగా పుట్టుకతో, వంశంలో వచ్చేది. కవలల మీద జరిగిన అధ్యయనాల్లో వారసత్వం వాటా 70 నుంచి 80 శాతం దాకా ఉంటుందని లెక్కగట్టారు. తీపి తినడం వల్లా రాదు. 1994లో ఒక పరీక్ష చేశారు. తల్లుల్లో కొందరికి మీ పిల్లలకి చక్కెర ఇచ్చామని చెప్పారు. నిజానికి పిల్లలెవరికీ చక్కెర ఇవ్వలేదు. అయినా ఆ తల్లులకి తమ పిల్లలు ఎక్కువ అల్లరి చేస్తున్నట్టు కనిపించింది. మనం ఏం అనుకుంటే అదే కనిపిస్తుందన్నమాట. పళ్ళ కోసం తీపి తగ్గించండి, దీనికోసం తగ్గించి ప్రయోజనం లేదు.

ఎవరికి చూపించాలి, ఏం పట్టుకెళ్ళాలి

పిల్లల సైకియాట్రిస్టు, లేదా ఎదుగుదల సమస్యలు చూసే పిల్లల డాక్టరు. మేం కాకినాడ వెళ్ళాం. ఎవరూ తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. మీకు దగ్గర్లో ఎక్కడ చూపించుకోవచ్చో వాళ్ళని అడగొచ్చు. అంగన్‌వాడీలకీ ప్రభుత్వ బడులకీ వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు చూడాల్సిన వాటిలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. వాళ్ళు జిల్లా కేంద్రంలో పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డీఈఐసీ అనే కేంద్రానికి రాసిస్తారు. విశాఖలోనూ, హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. పేరు విని భయపడాల్సింది ఏమీ లేదు.

దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. స్కాన్ తీసి ఏడీహెచ్‌డీ ఉందో లేదో చెప్తామని ఎవరైనా అంటే డబ్బు కట్టకండి. డాక్టరు మనతో మాట్లాడి, పిల్లాడిని చూసి, ఇంట్లోవాళ్ళకీ టీచర్‌కీ ప్రశ్నల కాగితాలిచ్చి, వాటిని బట్టి తేలుస్తారు. అందుకే మనం పట్టుకెళ్ళే సమాచారమే ముఖ్యం. మొదటిసారి నేను ఉత్త చేతుల్తో వెళ్ళి, "మాట వినడండీ" అన్నాను. రెండోసారికి డాక్టరమ్మ చెప్పినట్టు రెండు వారాలు రాశాను. ఏ రోజు, ఎన్నింటికి, ఏం చెప్పాను, ఏం జరిగింది. దాంతోపాటు ఒకటో తరగతి నుంచి ప్రోగ్రెస్ కార్డులు, మూడు నోట్‌పుస్తకాలు, టీచర్ డైరీలో రాసిన మాటలు. ఆవిడ నోట్‌పుస్తకం తిరగేసి, "పైన అక్షరాలు చూడండి, కింద అక్షరాలు చూడండి" అన్నారు. ప్రతి పేజీలోనూ పై నాలుగు లైన్లు ముత్యాల్లా ఉన్నాయి, కింద అక్షరాలు గీత దాటి కొట్టుకుపోతున్నాయి. అన్నాళ్ళూ ఆ పుస్తకాలు నా ఇంట్లోనే ఉన్నాయి, నేను చూసింది మార్కులే.

చెవులు, కళ్ళు పరీక్ష చేయించమన్నారు. రక్తహీనత, థైరాయిడ్ చూశారు. రాత్రి గురక పెడతాడా అని అడిగారు. ముక్కు వెనక ఎడినాయిడ్లు పెరిగి నిద్ర సరిగ్గా పట్టని పిల్లలూ పగలు ఇలాగే ఉంటారట. ఉన్నట్టుండి కొన్ని సెకన్లు శూన్యంలోకి చూసి ఆగిపోయే పిల్లలకి అది ఒక రకం ఫిట్స్ కావచ్చు. చదవడం, రాయడం రాని ఇబ్బంది, బెంగ, భయం కూడా చూడాలి. వాటిలో ఏదైనా ఉంటే దాని మందు వేరు. రెండూ కలిసీ ఉండొచ్చు.

ఇంట్లో చెప్పే పద్ధతి

వంటింట్లోంచి కేక పెట్టి చెప్పడం మానేశాను. దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, వాడు నా మొహం చూశాక ఒకే ఒక పని చెప్తాను. "స్నానం చేసి, యూనిఫాం వేసుకుని, బ్యాగు సర్దుకో" అంటే వాడికి చివరి ముక్కే వినబడుతుంది, ఒక్కోసారి అదీ వినబడదు. "స్నానానికి పద నాన్నా" అంతే. అది అయ్యాక రెండోది.

బయటికి పంపేటప్పుడు చేతిలో ఏదో ఒకటి పెడతాను. ఇది నా పనిలోంచి వచ్చిన ఉపాయం. మ్యాచింగ్ సెంటర్‌కి దారానికో లైనింగ్‌కో పంపేటప్పుడు చీర అంచులోంచి చిన్న ముక్క కత్తిరించి ఇస్తాం కదా. ఇదివరకు వాడి జేబులో పెట్టేదాన్ని, వాడు దారిలో గోళీలాట దగ్గర ఆగిపోయేవాడు. ఇప్పుడు ఆ ముక్కని వాడి కుడిచేతి వేలికి చుట్టి పంపుతాను. గోళీ పట్టుకోబోతే వేలికి గుడ్డ తగులుతుంది. మేడ మీదికి పంపితే బట్టల క్లిప్పు ఇస్తాను. "ఈ క్లిప్పు తీగకి పెట్టి, గుడ్డ తీసుకురా." ఇప్పుడు వాడే "ముక్క ఏదమ్మా?" అని అడుగుతున్నాడు.

పొద్దున్న ఏడింటి నుంచి ఎనిమిదింబావు దాకా మా ఇంట్లో యుద్ధంలా ఉండేది. నాలుగు మార్పులు చేశాం. బ్యాగు రాత్రే సర్ది గుమ్మానికి అడ్డంగా పెడతాం, దాన్ని దాటకుండా బయటికి వెళ్ళలేడు. యూనిఫాం, బెల్టు, సాక్సులు వేసుకునే వరసలో ఒకే హ్యాంగరుకి. టీవీ, ఫోను పొద్దున్న అసలు లేవు, ఇది పెద్దవాళ్ళకీ వర్తిస్తుంది. పళ్ళు తోముకోవడం నుంచి బూట్ల దాకా ఆరు బొమ్మలు నేనే గీసి స్నానాల గది తలుపుకి అంటించాను. ఒక్కోటి అయ్యాక క్లిప్పు కిందికి జరుపుతాడు. "తర్వాత ఏంటి?" అని నేను అరవక్కర్లేదు, తలుపు చెప్తుంది.

గుండీల సీసా మాకు బాగా పనికొచ్చింది. ఒక గాజు సీసా, నా దగ్గర మిగిలిన రంగురంగుల గుండీలు. చెప్పిన పని మొదటిసారికే చేస్తే వెంటనే ఒక గుండీ, వాడి చేత్తోనే సీసాలో వేయాలి. పది అయితే వాళ్ళ నాన్న సాయంత్రం బండి మీద పుష్కర ఘాట్‌కి తీసుకెళ్తారు. బహుమతి ఆ రోజో మర్నాడో అందాలి. "వార్షిక పరీక్షల్లో ఫస్టు వస్తే సైకిల్" అనేది ఈ పిల్లలకి ఏ సాయమూ చేయదు, అంత దూరం వాళ్ళకి కనబడదు. ఒకసారి వేసిన గుండీ ఏం జరిగినా వెనక్కి తీయకూడదు. కోపంలో నేను ఒకసారి ఐదు తీసేశాను, వాడు వారం రోజులు సీసా వైపు చూడలేదు. ఇంకో సంగతి, నెలా నెలన్నరకి గుండీల మోజు పోతుంది. అప్పుడు పద్ధతి పనిచేయలేదని వదిలేయకండి, వస్తువు మార్చండి. మేం గుండీల తర్వాత పూసలు, పూసల తర్వాత గోడ మీద చాక్ గీతలు, మళ్ళీ గుండీలు పెట్టాం. మా పెద్దమ్మాయి "వాడికేనా?" అని ఏడిస్తే తనకీ ఒక సీసా పెట్టాం. దానికి ఏడీహెచ్‌డీ లేదు గానీ న్యాయం ఇద్దరికీ కావాలి.

మెచ్చుకునేటప్పుడు "గుడ్ బాయ్" అని వదిలేయకుండా చేసిన పని పేరు చెప్పాలి. "నేను ఫోన్ మాట్లాడుతుంటే ఆగావు, అది నచ్చింది" అని. రోజంతా తప్పులే చెప్పించుకునే పిల్లలకి తాము సరిగ్గా చేసింది ఏదో కూడా ఎవరో చెప్పాలి.

హోంవర్కు గదిలో తలుపేసి చేయించడం మానేసి నా మెషీన్ పక్కన పీట వేశాను. నేను కుడుతుంటాను, వాడు రాస్తుంటాడు. మనిషి పక్కన ఉంటే చాలు, చెప్పక్కర్లేదు. పది నిమిషాలకి టైమర్ పెడతాను. మోగాక మూడు నిమిషాలు దూకొచ్చు, మేడ ఎక్కి దిగొచ్చు. ఇలా నాలుగు విడతలు. నిలబడి రాస్తానంటే కటింగ్ బల్ల మీద రాయనిస్తాను. కాలు ఆడిస్తే ఆడించనీ, ఆ ఊపుతోనే వాడి చెయ్యి కదులుతుంది.

రాత్రి తొమ్మిదికి ఫోన్లన్నీ బీరువాలో. నిద్ర తగ్గిన మర్నాడు వాడి లక్షణాలన్నీ రెట్టింపు అవుతాయి. మీ పిల్లల్లోనూ ఒక వారం గమనించి చూడండి.

కొట్టడం గురించి ఒక్క మాట. ఆ స్కేలు ఇప్పుడు గుడ్డ కొలవడానికే. కొట్టినప్పుడు వాడు ఆగింది భయంతో, నేర్చుకున్నది అబద్ధం చెప్పడం. కోపం వస్తే నేను మేడ మీదికి వెళ్ళి ఐదు నిమిషాలు ఆగి వస్తాను.

బడి

మొదటిసారి బడికి వెళ్ళి గొడవ పడ్డాను. వాడిని రోజూ గుమ్మం బయట నిలబెడుతున్నారని తెలిసి కోపం ఆపుకోలేకపోయాను. ఫలితం లేకపోయింది. రెండోసారి క్లాస్ టీచర్‌కి ఒకే ఒక పేజీ తీసుకెళ్ళాను. డాక్టర్ కాగితం నకలు, కింద నాలుగు విన్నపాలు: ముందు వరసలో, కిటికీకి తలుపుకి దూరంగా కూర్చోబెట్టండి, బోర్డు తుడవడం, చాక్‌పీసులు తేవడం లాంటి లేచి తిరిగే పనులు వాడికి ఇవ్వండి, పెద్ద పనిని ముక్కలు చేసి ఇవ్వండి, సాయంత్రం డైరీలో ఒక మంచి మాట, ఒక తప్పు, రెండే రాయండి. నలభై మంది ఉన్న క్లాసులో ఆవిడ చేయగలిగినవే అడగాలి. ఆవిడ మూడు చేశారు. ఆ మంచి మాటకి ఇంట్లో ఒక గుండీ పడుతుంది.

కొట్టడం, అవమానించడం ఆగకపోతే తెలుసుకోవాల్సింది ఒకటుంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్పిన 21 రకాల్లో ఏడీహెచ్‌డీ పేరు లేదు, చదవడం రాయడంలో ఇబ్బంది మాత్రం ఉంది. పరీక్షల్లో అదనపు సమయం లాంటివి కావాలంటే ఆ ఇబ్బంది ఉందేమో కూడా డాక్టర్ దగ్గర చూపించుకోండి.

మందులు

నేను ఆరు నెలలు వద్దన్నాను. పిల్లాడు మత్తుగా పడుంటాడనీ, అలవాటైపోతుందనీ భయం. ఆరేళ్ళలోపు పిల్లలకి ముందు తల్లిదండ్రులకి శిక్షణ ఇచ్చే పద్ధతే చూడాలని డాక్టర్ల సలహా. ఆరు దాటాక, ఇబ్బంది ఎక్కువైతే, మందూ పద్ధతులూ రెండూ కలిపి. ఎక్కువగా వాడేది మిథైల్‌ఫెనిడేట్. ఉత్తేజం కలిగించే ఈ రకం మందులు ఇలాంటి పిల్లల్ని కుదుటపరుస్తాయని అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టర్ 1937లోనే రాశారు. నిన్నా మొన్నా వచ్చిన ప్రయోగం కాదని తెలిసి నాకు కాస్త ధైర్యం వచ్చింది. రెండో రకం అటమాక్సెటిన్, అది పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది.

మా వాడికి మిథైల్‌ఫెనిడేట్ చిన్న మోతాదుతో మొదలుపెట్టారు. ముందు ఎత్తు, బరువు, బీపీ, నాడి చూశారు. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు ఉందా అని అడిగారు. వాళ్ళు అడగకపోయినా ఇది మీరే చెప్పండి. వేసిన మూడో రోజు వాడు మత్తుగా ఏమీ లేడు, ఎప్పటిలాగే నవ్వుతున్నాడు. ఒక లెక్క అయ్యాక రెండో లెక్కకి వాడంతట వాడే వెళ్ళాడు. నేను మెషీన్ ఆపి చూస్తూ ఉండిపోయాను.

ఇబ్బందీ వచ్చింది. మధ్యాహ్నం క్యారేజీ తెరవకుండానే తిరిగొచ్చేది. ఆకలి తగ్గడం ఈ మందుతో చాలామందికి ఉంటుంది, నిద్ర ఆలస్యం కావడం, తలనొప్పి, కడుపునొప్పి కూడా. డాక్టరమ్మ చెప్పినట్టు మాత్రకి ముందే గట్టిగా పెట్టడం మొదలుపెట్టాను. నెయ్యి వేసిన ఇడ్లీ నాలుగు, ఒక గుడ్డు. సాయంత్రం మందు దిగిపోయే వేళకి ఆకలితో పాటు చిరాకూ వస్తుంది. ఆ గంటలో హోంవర్కు మాటెత్తను. పెరుగన్నం, ఆట, ఆ తర్వాతే పుస్తకం.

ఈ మందు షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే అమ్మకం మీద గట్టి కట్టడి ఉన్న మందుల జాబితాలో ఉంటుంది. చీటీ రెండు కాపీలు కావాలి, ఒకటి మందుల షాపు వాళ్ళే ఉంచుకుంటారు. అన్ని షాపుల్లోనూ దొరకదు. అందుకని చివరి మాత్ర దాకా ఆగకుండా వారం మిగిలుండగానే బయల్దేరండి. తాళం వేసి ఉంచండి, ఇంకో పిల్లాడికి ఇవ్వకండి, మార్కులు బాగొచ్చాయని మీరే ఆపేయకండి. సెలవుల్లో ఆపొచ్చా అనేది డాక్టర్నే అడగాలి.

పెద్దవాళ్ళకి

కాకినాడలో ఆ డాక్టరమ్మ, "ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉంటారా అమ్మా?" అంటే మా ఆయన నా వైపు చూశారు. ఆ వారమే ఒక పెళ్ళికూతురి జాకెట్టు గురువారం ఇస్తానని, కత్తిరించి పెట్టి, హుక్కులు కుట్టకుండా మర్చిపోయాను. ఆ పిల్ల తల్లి మా గుమ్మంలో నిలబడి ఏడ్చింది. ఆవిడ ముందు నేను అరగంటలో హుక్కులు కుట్టి ఇచ్చాను. చేతకాక కాదు కదా మరి, నాలుగు రోజులు ఎందుకు కుట్టలేదో నాకే తెలియదు.

పెద్దవాళ్ళకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 18 ప్రశ్నల కాగితం ఒకటి ఉంది, అందులో మొదటి ఆరూ ముఖ్యం. అది నింపినంత మాత్రాన జబ్బు తేలిపోదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలా వద్దా తెలుస్తుంది. చిన్నప్పటి సంగతులు అడుగుతారు, అందుకే పాత ప్రోగ్రెస్ కార్డులో, అమ్మో అన్నయ్యో తోడుంటే మంచిది. పెద్దయ్యాక దూకడం, పరుగెత్తడం తగ్గి లోపల ఒకటే ఆరాటం మిగులుతుంది. దానితోపాటు దిగులు, టెన్షన్ ఉండేవాళ్ళు ఎక్కువ. నేను పదేళ్ళు నన్ను నేను బద్ధకస్తురాలిననే అనుకున్నాను. తేలిన రోజు కాకినాడ బస్సులో దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను, అది బాధ కాదు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది గడియారం దగ్గర పెట్టుకుని రాసుకోవడం. లైనింగ్ జాకెట్టు గంటలో అయిపోతుందని ఇరవై ఏళ్ళుగా నమ్మాను. ఒక వారం ప్రతిదానికీ మొదలు, చివర రాశాను. కటింగ్ 20 నిమిషాలు, కుట్టడం గంటన్నర, హుక్కులు కాజాలు 25. రెండుంబావు గంటలు! గంట అనుకుని రోజుకి ఆరు ఒప్పుకుంటే అందరికీ ఆలస్యమే కదా. ఇప్పుడు రోజుకి మూడే తీసుకుంటాను. మన లెక్కలో సమయం ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది. మీది వంటైనా, ఆఫీసు రిపోర్టైనా ఒక వారం ఇలా రాసి చూడండి.

ఆది జాకెట్టు, గుడ్డ, చీటీ, మూడూ ఒకే కవర్లో పిన్ను పెట్టి ఉంచుతాను. చీటీ మీద ఇచ్చే తేదీ ఎర్ర చాక్‌తో. ఆ కవర్లు బీరువాలో పెడితే నాకు అవి లేనట్టే, అందుకని ఎదురుగా తీగకి తేదీల వరసలో వేలాడతాయి. హుక్కులు నాకు విసుగు, కాబట్టి మధ్యాహ్నం మూడింటికి పక్కింటి అక్క తన బియ్యం చేట తీసుకుని వస్తుంది. ఆవిడ రాళ్ళేరుతుంది, నేను హుక్కులు కుడతాను. ఒక్కదాన్నే ఉంటే వారం పట్టే హుక్కులు ఆ గంటలో అయిపోతాయి. ఇస్త్రీ పెట్టె ప్లగ్గుకి నా బండి తాళం తగిలిస్తాను, ప్లగ్గు దగ్గరికి వెళ్ళకుండా బండి తీయలేను. ఫోన్ అలారానికి పేరు రాస్తాను. ఊరికే మోగితే ఆపేస్తాం, "స్టవ్ మీద పాలు" అని తెర మీద కనబడితే లేస్తాం.

డబ్బు దగ్గర గుర్తుపెట్టుకుంటానని పంతం వద్దు. బంగారం లోను వడ్డీ తేదీ మర్చిపోయి వేలం నోటీసు దాకా తెచ్చుకున్నాను. కరెంటు బిల్లు, లోను, చీటీ డబ్బు అన్నీ ఐదో తారీఖున బ్యాంకులోంచి వాటంతట అవే పోయేలా మా ఆయన పెట్టారు. చీర నచ్చినా మర్నాటిదాకా కొనను. బండి నడిపేటప్పుడు ఫోన్ సంచిలో, హెల్మెట్ తప్పనిసరి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళకి రోడ్డు ప్రమాదాలు ఎక్కువని అధ్యయనాలు చెప్తున్నాయి.

నేనూ మాత్ర వాడుతున్నాను, మొదలుపెట్టే ముందు బీపీ చూశారు. గర్భంతో ఉన్నవాళ్ళు, పాలిచ్చేవాళ్ళు ముందే చెప్పాలి. దాంతోపాటు సీబీటీ అనే మాటల చికిత్స కొన్ని విడతలు చేశారు. పని వాయిదా వేసే ముందు తలలో ఏం తిరుగుతుందో పట్టుకోవడం అందులో నేర్చుకున్నాను.

మా ఆయనతో ఒక ఒప్పందం ఉంది. మెషీన్ తిరుగుతున్నప్పుడు చెప్పిన మాట చెప్పనట్టే లెక్క. ముఖ్యమైతే పలక మీద రాస్తారు. "నీకు చెప్పాను కదా", "నువ్వు చెప్పలేదు" అనే గొడవలు దానితో చాలావరకు పోయాయి. అత్తయ్యగారు ఇప్పుడు మనవడికి పని చెప్పే ముందు భుజం తడుతున్నారు. ఎవరు నేర్పారని అడగలేదు నేను.

వచ్చే వారం కాకినాడ వెళ్ళాలి. ఈ మందు వాడే పిల్లల ఎత్తు, బరువు క్రమం తప్పకుండా చూస్తుండాలి. కొందరిలో ఎదుగుదల కాస్త నెమ్మదిస్తుంది. అందుకని ఇవాళ వాడిని తలుపు వెనక నిలబెట్టి, చాక్‌తో గీత గీసి, నా టేపుతో కొలిచాను. జనవరిలో గీసిన గీతకీ దీనికీ రెండు సెంటీమీటర్లు తేడా ఉంది. కొలుస్తున్నంతసేపూ వాడు రెండు కాళ్ళ మీదా మార్చి మార్చి ఊగుతూనే ఉన్నాడు, మూడుసార్లు కొలవాల్సి వచ్చింది. ఆ అంకె నోట్‌పుస్తకంలో రాసి, బ్యాగులో పెట్టి, బ్యాగు గుమ్మానికి అడ్డంగా పెట్టాను.